రాయగడ స్విచ్‌కి దారి ఎలా తెలుస్తుంది? రూటింగ్ టేబుల్ చదివే పద్ధతి

గుణుపురం పిన్ కోడు 765022. విశాఖలో ఉత్తరాలు వేరుచేసే చోట మూడు సంచులు వేలాడుతున్నాయనుకోండి. ఒకదాని మీద 7 అని, రెండోదాని మీద 765 అని, మూడోదాని మీద 765022 అని రాసి ఉంది. గుణుపురం ఉత్తరానికి మూడు సంచులూ సరిపోతాయి. అయినా అది 765022 సంచిలోకే వెళ్తుంది, ఎక్కువ అంకెలు కలిసింది అక్కడే కాబట్టి. రాయగడ ఉత్తరం 765001 కనక 765 సంచిలో పడుతుంది. బరంపురం ఉత్తరం 760001, దానికి 7 సంచి తప్ప గతి లేదు. లేయర్ 3 స్విచ్, అంటే రౌటరులా దారి కూడా చూసే స్విచ్, ఒక్కో ప్యాకెట్‌కి (డేటా ముక్కకి) చేసే పని ఇదే. పిన్ కోడులో అంకెలు కలుపుతాం, ఇక్కడ బిట్లు కలుపుతాం, అంతే తేడా.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు కాలేజీల్లో, మిల్లుల్లో, ఆసుపత్రుల్లో నెట్‌వర్కు చూసుకుంటూ, తెలుగులో మాట్లాడుకుంటూ ఇంగ్లీషులో కమాండ్లు కొట్టే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక ఊహా నెట్‌వర్కు గీసుకుందాం. హెడ్డాఫీసు విశాఖలో ఉంది. రాయగడ బ్లాకు 10.20.0.0/20, గుణుపురం 10.20.16.0/20, పర్లాకిమిడి 10.20.32.0/20. గీత తర్వాతి సంఖ్య, మొదటి ఎన్ని బిట్లు కలవాలో చెబుతుంది, అదే రూటు పొడుగు. నాలుగు లింకులు వలయంలా ఉన్నాయి. విశాఖ నుంచి రాయగడకీ, విశాఖ నుంచి పర్లాకిమిడికీ 1 గిగాబిట్ ఫైబరు. రాయగడ నుంచి గుణుపురానికీ, అక్కడి నుంచి పర్లాకిమిడికీ 100 మెగాబిట్ రేడియో లింకులు. రాయగడ స్విచ్‌కి విశాఖ వైపు పొరుగు 10.20.255.1, గుణుపురం వైపు పొరుగు 10.20.255.6.

రాయగడ స్విచ్ మీద షో ఐపీ రూట్ (రూటింగ్ టేబుల్ చూపే కమాండు) కొడితే ఇలా వచ్చిందనుకోండి. ఎస్ అంటే చేత్తో వేసిన స్టాటిక్ రూటు, ఎస్* అంటే ఇంకేదీ కలవనప్పుడు వాడే డిఫాల్ట్ రూటు, సీ అంటే నేరుగా తగిలిన కనెక్టెడ్ రూటు, ఓ అంటే స్విచ్‌లు తమలో తాము దారులు చెప్పుకునే ఓఎస్పీఎఫ్ ప్రోటోకాల్ ఇచ్చిన రూటు. వయా తర్వాతది నెక్స్ట్ హాప్, ప్యాకెట్‌ని అందించాల్సిన పొరుగు. వీల్యాన్ అంటే స్విచ్‌లో విడగొట్టిన ఒక విడి నెట్‌వర్కు:

ఎస్* 0.0.0.0/0 [1/0] వయా 10.20.255.1
సీ 10.20.1.0/24 డైరెక్ట్‌లీ కనెక్టెడ్, వీల్యాన్10
ఎస్ 10.20.32.0/20 [1/0] వయా 10.20.255.6
ఓ 10.20.40.0/24 [110/30] వయా 10.20.255.1

పర్లాకిమిడిలో ఉన్న కెమెరా 10.20.40.9కి ప్యాకెట్ వచ్చింది. ఎటు పోతుంది? చాలామంది గుణుపురం వైపు అంటారు, స్టాటిక్‌కి 1, ఓఎస్పీఎఫ్‌కి 110 కదా, చిన్నదే గెలవాలి కదా అని. అలా జరగదు. ప్యాకెట్ విశాఖ వైపే వెళ్తుంది. ఆ రెండు రూట్లకీ అసలు పోటీయే లేదు. /20 వేరు, /24 వేరు. రెండూ టేబుల్లో హాయిగా పక్కపక్కన కూర్చుంటాయి. ప్యాకెట్ వచ్చాక పొడుగు చూస్తారు, 24 బిట్లు కలిసిన రూటు 20 బిట్లు కలిసినదాన్ని దాటేస్తుంది. అదే 10.20.41.9కి పంపితే /24 కలవదు, /20 కలుస్తుంది, ప్యాకెట్ గుణుపురం వైపు తిరుగుతుంది. పక్కపక్క సబ్‌నెట్లు (అడ్రసు బ్లాకులు) రెండు వేర్వేరు దారుల్లో పోవడం చూసి స్విచ్ చెడిపోయిందనుకోకండి.

బిట్లలో చూస్తే ఇంకా తేట. మూడో అంకె 32 అంటే 00100000, 40 అంటే 00101000. /20 అంటే మొదటి రెండు అంకెల 16 బిట్లూ, మూడోదానిలో మొదటి 4 బిట్లూ, అంటే 0010. 32 నుంచి 47 దాకా అన్నీ 0010తోనే మొదలవుతాయి. 48 అంటే 00110000, అక్కడ తప్పిపోతుంది. ఈ 16-16 మెట్లు నోటికి వస్తే /20 బ్లాకుల్లో తప్పులు సగం తగ్గుతాయి.

పొడుగుకి ఎంత బలం ఉందో ప్రపంచం 2008 ఫిబ్రవరి 24న చూసింది. యూట్యూబ్ తన అడ్రసులను 208.65.152.0/22గా ప్రకటించుకుంటూ ఉంది. దేశంలో యూట్యూబ్‌ని ఆపే ప్రయత్నంలో పాకిస్తాన్ టెలికాం 208.65.153.0/24 ప్రకటించింది, అది బయటికి పాకిపోయింది. /22 కన్నా /24 పొడుగు కాబట్టి ఎక్కడెక్కడి రౌటర్లూ ప్యాకెట్లను అటు తోసేశాయి. సుమారు రెండు గంటల పాటు సాగింది. యూట్యూబ్ మొదట అదే /24ని తనూ ప్రకటించింది, తర్వాత దాన్ని రెండు /25 ముక్కలు చేసి ప్రకటించింది. విరుగుడు కూడా పొడుగే. వీపీఎన్ క్లయింట్లు కొన్ని ఇదే కిటుకు వాడతాయి. మీ కంప్యూటర్లో ఉన్న డిఫాల్ట్ రూటును చెరపకుండా 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండు రూట్లు వేస్తాయి. రెండూ కలిస్తే మొత్తం ఇంటర్నెట్టే, ఒక్కోటీ డిఫాల్ట్ కన్నా ఒక బిట్టు పొడుగు.

మరి ఆ 1, 110 ఎందుకున్నట్టు? ఒకే ప్రిఫిక్స్ (అడ్రసు బ్లాకు), ఒకే పొడుగుతో, ఇద్దరు చెబితే ఎవరి మాట టేబుల్లోకి తీసుకోవాలో తేల్చడానికి. అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ అంటే చెప్పినవాడి మీద స్విచ్‌కున్న నమ్మకం, చిన్న సంఖ్య అయితే ఎక్కువ నమ్మకం. సిస్కోలో కనెక్టెడ్ 0, స్టాటిక్ 1, బయటి బీజీపీ 20, లోపలి ఈఐజీఆర్పీ 90, ఓఎస్పీఎఫ్ 110, ఐఎస్-ఐఎస్ 115, రిప్ 120, లోపలి బీజీపీ 200 (మొదటి రెండూ తప్ప ఇవన్నీ రూటింగ్ ప్రోటోకాల్లు). సిస్కోలో 255 పెడితే ఆ రూటు టేబుల్లోకే రాదు. ఓడిన రూటు టేబుల్లో కనిపించదు గానీ పోదు, గెలిచింది పడిపోతే పైకి వస్తుంది.

ఈ సంఖ్యలు ఏ ప్రమాణ పత్రమూ నిర్ణయించినవి కావు, కంపెనీ కంపెనీకీ మారతాయి. హువావేలో ఓఎస్పీఎఫ్ 10, స్టాటిక్ 60, రిప్ 100, బయటి నుంచి తెచ్చిన ఓఎస్పీఎఫ్ రూటు 150, బీజీపీ 255. జూనిపర్‌లో స్టాటిక్ 5, ఓఎస్పీఎఫ్ 10, బీజీపీ 170. పాత సిస్కో తీసి హువావే పెట్టి, కాన్ఫిగ్‌ని వరసకు వరస అనువదిస్తే ఇక్కడే దెబ్బ తగులుతుంది. సిస్కోలో స్టాటిక్ రూటు ఓఎస్పీఎఫ్‌ని కొట్టేది. హువావేలో అదే స్టాటిక్ 60తో ఓఎస్పీఎఫ్ 10 ముందు ఓడిపోతుంది. ఎవరూ ఏమీ మార్చలేదు, ట్రాఫిక్ మాత్రం దారి మార్చుకుంది. స్విచ్ మార్చే ముందు పాతదాంట్లో షో ఐపీ రూట్ మొత్తం ఒక ఫైలులో దాచి, కొత్తదానితో పక్కపక్కన పెట్టి నెక్స్ట్ హాప్‌లు పోల్చండి. గంట పని, కానీ మానకూడని పని.

చదరపు కుండలీకరణంలో రెండో సంఖ్య మెట్రిక్. ఒకే ప్రోటోకాల్ ఒకే ప్రిఫిక్స్‌కి రెండు దారులు చూపిస్తే అప్పుడే దీనితో పని. ఓఎస్పీఎఫ్‌లో దీన్ని కాస్ట్ అంటారు, రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్‌ని లింకు వేగంతో భాగిస్తే వస్తుంది. సిస్కోలో డిఫాల్ట్ రిఫరెన్స్ 100 మెగాబిట్లు. అంటే 100 మెగాబిట్ లింకుకి 1, 1 గిగాబిట్‌కి 1, 10 గిగాబిట్‌కీ 1. ఒకటి కన్నా తగ్గదు. మన వలయంలో రాయగడ నుంచి పర్లాకిమిడికి రేడియో మీద 1+1, ఫైబరు మీద 1+1. రెండూ సమానం, స్విచ్ సగం ట్రాఫిక్‌ని రేడియో మీదికి పంపుతుంది. వానాకాలంలో కెమెరా బొమ్మలు ముక్కలు ముక్కలుగా వస్తుంటే ముందు ఈ లెక్క చూడండి. ఆటో-కాస్ట్ రిఫరెన్స్-బ్యాండ్‌విడ్త్ 10000 అని పెడితే రేడియో దారి 100+100, ఫైబరు దారి 10+10 అవుతుంది. అవతల పర్లాకిమిడి వీల్యాన్ ఇంటర్‌ఫేసు తన 10 కలుపుతుంది, అందుకే పైన 30 కనిపించింది. ఈ మార్పు అన్ని స్విచ్‌ల మీదా ఒకేసారి చెయ్యాలి. సగం వాటి మీద పాత లెక్క, సగం మీద కొత్త లెక్క ఉంటే వెళ్లే దారి ఒకటి, వచ్చే దారి ఇంకొకటి అవుతుంది.

ఇందులో ఇంకో మడత ఉంది. లింకును రూటెడ్ పోర్టుగా (తనకే ఐపీ అడ్రసున్న పోర్టుగా) కాకుండా వీల్యాన్ ఇంటర్‌ఫేసుగా పెడితే, సిస్కో కాటలిస్ట్ స్విచ్ దాన్ని 1 గిగాబిట్ అని లెక్కేస్తుంది, కింద పోర్టు 100 అయినా సరే. అలాగే సర్వీస్ ప్రొవైడరు ఇచ్చిన లింకు 20 మెగాబిట్లే అయినా, హ్యాండాఫ్ పోర్టు (వాళ్ల లింకు మన స్విచ్‌కి తగిలే చోటు) గిగాబిట్ కాబట్టి స్విచ్‌కి గిగాబిట్‌లాగే కనిపిస్తుంది. అలాంటి చోట ఐపీ ఓఎస్పీఎఫ్ కాస్ట్ అని చేత్తో పెట్టాలి. చిన్న నెట్‌వర్కులో అన్ని లింకులకీ చేత్తో కాస్ట్ పెట్టేయడమే నా పద్ధతి. పదిహేను లింకులకి లెక్క కాగితం మీద ఉంటుంది, స్విచ్ ఊహలతో పని ఉండదు.

కాస్ట్ నిజంగానే సమానమైతే రెండు దారులూ టేబుల్లోకి వస్తాయి, సిస్కో ఓఎస్పీఎఫ్‌లో మామూలుగా నాలుగు దాకా. ప్యాకెట్‌కి ఒకటి చొప్పున పంచరు. అడ్రసుల మీద హ్యాష్ లెక్క వేసి, ఒక జత మధ్య మాటలన్నీ ఒకే దారిన పంపుతారు. లేకపోతే ప్యాకెట్లు వెనకా ముందూ అయిపోతాయి. అందుకే రెండు లింకులున్నా రాత్రి బ్యాకప్ కాపీ ఒక్కటీ ఒక్క లింకు వేగానికి మించి పోదు.

ఇప్పటిదాకా చెప్పింది రౌటరుకీ స్విచ్‌కీ ఉమ్మడి. స్విచ్‌కి సొంత సంగతులున్నాయి.

మొదటిది, ఐపీ రూటింగ్ అనే కమాండు. అది లేనప్పుడు స్విచ్ తన సొంత మాటల కోసం ఐపీ డిఫాల్ట్-గేట్‌వే వాడుతుంది. ఐపీ రూటింగ్ కొట్టగానే ఆ గేట్‌వేని పట్టించుకోదు, టేబుల్లో డిఫాల్ట్ రూటు కోసం చూస్తుంది. అది లేకపోతే దూరం నుంచి లాగిన్ అయినవాడి కనెక్షన్ అక్కడితో తెగుతుంది. విశాఖలో కూర్చుని గుణుపురం స్విచ్‌కి ఇది చెయ్యబోతే, ముందు ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 వేసి తర్వాతే ఐపీ రూటింగ్ కొట్టండి. దానికీ ముందు రీలోడ్ ఇన్ 10 పెట్టుకోండి. తెగిపోతే పది నిమిషాలకి స్విచ్ తనే పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సెల్ కొట్టి, రైట్ మెమరీతో సేవ్ చేయండి. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే. సేవ్ చేయని రూటు మర్నాటి పవర్ కట్‌తో పోతుంది, ఎందుకు పోయిందో ఎవరికీ అంతుపట్టదు.

రెండోది, వీల్యాన్ ఇంటర్‌ఫేసు పైకి ఉండాలంటే ఆ వీల్యాన్‌లో కనీసం ఒక పోర్టు పైకి ఉండాలి. సాయంత్రం ల్యాబులో కంప్యూటర్లన్నీ కట్టేస్తే ఇంటర్‌ఫేసు పడిపోతుంది, దాని కనెక్టెడ్ రూటూ టేబుల్లోంచి పోతుంది. దీనికి తలకిందుల జబ్బు ఇంకా చెడ్డది. గుణుపురం లింకుకి వాడే వీల్యాన్ 900ని అన్ని ట్రంకుల (చాలా వీల్యాన్లను మోసే లింకుల) మీదా అనుమతించేస్తే, రేడియో పోర్టు ఊడిపోయినా మరో ట్రంకు మీద ఆ వీల్యాన్ బతికే ఉంటుంది. ఇంటర్‌ఫేసు పడదు, స్టాటిక్ రూటు తియ్యబడదు, ప్యాకెట్లు గోతిలో పడతాయి. లింకులకు నో స్విచ్‌పోర్ట్‌తో రూటెడ్ పోర్టు వాడండి, లేదా ఆ వీల్యాన్‌ని మిగతా ట్రంకుల్లోంచి తీసెయ్యండి.

మూడోది, చోటు. సీపీయూ దగ్గరున్న రూటింగ్ టేబుల్ ఒకటి, ప్యాకెట్లను నిజంగా తోసే చిప్పులో ఉండేది దాని నకలు. ఆ చిప్పు మెమరీని టీక్యామ్ అంటారు, అది చిన్నది. కాటలిస్ట్ 3750లో మామూలు ఎస్డీఎం టెంప్లేటులో (ఆ మెమరీ చోటును పంచే సెట్టింగులో) 8 వేల యూనికాస్ట్ రూట్లకి చోటు. అందులో 6 వేలు నేరుగా తగిలిన హోస్టులకి, 2 వేలే దూరపు రూట్లకి. రూటింగ్ టెంప్లేటు పెడితే 11 వేలు, అందులో దూరపువి 8 వేలు. వీల్యాన్ టెంప్లేటులో ఒక్కటి కూడా ఉండదు. టెంప్లేటు మార్చాక రీలోడ్ తప్పదు. 2960లో ల్యాన్‌బేస్-రూటింగ్ టెంప్లేటుతో 16 స్టాటిక్ రూట్ల దాకానే, అయినా చిన్న శాఖకి అది చాలు. చోటు నిండితే కొన్ని స్విచ్‌లు మిగిలిన రూట్ల ప్యాకెట్లను సీపీయూకి తోస్తాయి, సీపీయూ ఊపిరాడక 99 శాతానికి వెళ్తుంది. 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ టేబుల్ 5 లక్షల 12 వేల రూట్లు దాటినప్పుడు పాత రౌటర్లు చాలాచోట్ల కుప్పకూలింది సరిగ్గా ఈ చోటు చాలకే.

అందుకని షో ఐపీ రూట్ ఒక్కటి చూసి ఆగకండి. షో ఐపీ సెఫ్ 10.20.40.9 కొడితే ఫార్వర్డింగ్ టేబుల్ ఏమనుకుంటోందో తెలుస్తుంది. రెండూ వేర్వేరు నెక్స్ట్ హాప్‌లు చెబితే అది చాలావరకు కాన్ఫిగ్ తప్పు కాదు, స్విచ్ లోపలి తప్పు.

స్టాటిక్ రూట్ల దగ్గరే ఎక్కువ గొడవలు. నెక్స్ట్ హాప్ ఇవ్వకుండా ఈథర్నెట్ ఇంటర్‌ఫేసు పేరు మాత్రమే ఇస్తే, స్విచ్ ప్రతి గమ్యం అడ్రసుకీ అది పక్కనే ఉందనుకుని ఆర్ప్ (ఈ ఐపీ అడ్రసు ఎవరి హార్డ్‌వేర్ అడ్రసుదనే ప్రశ్న) అడుగుతుంది. అవతలివాడు ప్రాక్సీ ఆర్ప్‌తో, అంటే ఇతరుల తరఫున, జవాబిస్తే నడుస్తుంది, కానీ ఆర్ప్ టేబుల్ ఉబ్బిపోతుంది. అవతల ప్రాక్సీ ఆర్ప్ ఆపేసిన రోజు అన్నీ ఆగిపోతాయి. నెక్స్ట్ హాప్ మాత్రమే ఇచ్చినా ఒక ఇబ్బంది ఉంది. లింకు పడ్డాక ఆ నెక్స్ట్ హాప్ అడ్రసు పొట్టి రూటు ఇంకోదాని ద్వారా దొరికితే స్టాటిక్ టేబుల్లోనే కూర్చుంటుంది, వెనక కాచుకున్న బ్యాకప్ రూటు లేవదు. ఇంటర్‌ఫేసు, నెక్స్ట్ హాప్ రెండూ కలిపి రాయడం మేలు.

బ్యాకప్ రూటుకి చివర 250 లాంటి పెద్ద డిస్టెన్స్ ఇస్తారు. అసలు రూటు పోతేనే అది పైకి వస్తుంది. కానీ మన ఊళ్లలో ఫైబరు మీడియా కన్వర్టర్‌లోకి దిగి, అక్కడి నుంచి రాగి తీగ మీద స్విచ్‌కి వస్తుంది. రోడ్డు తవ్వి ఫైబరు తెంపినా కన్వర్టరుకీ స్విచ్‌కీ మధ్య రాగి లింకు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. స్విచ్‌కి కష్టం తెలియదు. దీనికి మందు ఐపీ ఎస్ఎల్ఏ. ఐదు సెకన్లకోసారి అవతలి అడ్రసుకి పింగ్ పంపి, దాన్ని ట్రాక్‌తో స్టాటిక్ రూటుకి కట్టాలి. డిలే డౌన్ 15 అప్ 60 అని పెడితే ఊగిసలాట ఉండదు. ఇంటర్నెట్ లింకు కోసం బయటి అడ్రసును పింగ్ చేస్తుంటే, ఆ ఒక్క అడ్రసుకి అసలు లింకు వైపు /32 రూటు వెయ్యాలి. లేకపోతే బ్యాకప్ లేవగానే ఆ పింగ్ బ్యాకప్ మీదుగా వెళ్లి బాగుందని చెబుతుంది, అసలు రూటు మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది, ఇలా తిరుగుతూనే ఉంటుంది. ఆ /32 వేసిన అడ్రసు మీ కంప్యూటర్ల డీఎన్ఎస్ (పేర్లను అడ్రసులుగా మార్చే సర్వర్) కాకుండా చూసుకోండి. అసలు లింకు తెగినంతసేపూ ఆ అడ్రసు ఎవరికీ అందదు. గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 అందరి నోటా ఉంటుంది గనక ఇక్కడా అదే పెట్టేస్తారు, తర్వాత బ్యాకప్ ఉన్నా నెట్ రాలేదంటారు.

లూపు సంగతి. విశాఖలో 10.20.0.0/16 మొత్తం రాయగడ వైపు అని ఒక రూటు. రాయగడలో డిఫాల్ట్ విశాఖ వైపు. ఎవరో 10.20.77.5కి ప్యాకెట్ పంపారు, ఆ సబ్‌నెట్ ఎక్కడా లేదు. విశాఖ రాయగడకి పంపుతుంది, రాయగడ విశాఖకి తిరగ్గొడుతుంది. టీటీఎల్ (ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) 128తో బయల్దేరిన ఒక్క ప్యాకెట్, ఆ లెక్క సున్నా అయ్యేదాకా అదే లింకు మీద వందసార్లకు పైగా తిరుగుతుంది. వైరస్ పట్టిన ఒక కంప్యూటరు /16 మొత్తాన్ని వెతకడం మొదలెడితే లింకు నిండిపోతుంది. రాయగడలో ఐపీ రూట్ 10.20.0.0 255.255.0.0 నల్0 (ప్యాకెట్ల చెత్తబుట్ట) అని ఒక్క వరస వేస్తే చాలు. ఉన్న సబ్‌నెట్ల రూట్లు దీనికన్నా పొడుగు కనక వాటికి అడ్డు రాదు. లేనివి అక్కడే ఆగిపోతాయి.

చిన్న ఆఫీసుల్లో ఇంకొకటి తరచూ కనిపిస్తుంది. సర్వీస్ ప్రొవైడరు పెట్టెలో 192.168.1.1, ఆఫీసు లోపల 192.168.1.0/24, హెడ్డాఫీసులోనూ 192.168.1.0/24. వీపీఎన్ పైకి వచ్చింది, హెడ్డాఫీసు సర్వర్ 192.168.1.20 మాత్రం అందదు. ఎందుకంటే పొడుగు సమానం, ఇక్కడి కనెక్టెడ్ రూటు డిస్టెన్స్ 0. ప్యాకెట్ ఆఫీసు గుమ్మం దాటదు. ఏ ప్రోటోకాలూ దీన్ని గెలవలేదు. ఒకవైపు అడ్రసులు మార్చాలి. కొత్త శాఖ తెరిచిన రోజే 192.168.0.0, 192.168.1.0 జోలికి పోకుండా మీ పథకంలోంచి బ్లాకు ఇస్తే ఈ బాధ రాదు.

చివరికి, పింగ్ పోవడం లేదని ఫోను వచ్చినప్పుడు ఏ వరసలో చూడాలి? షో ఐపీ రూట్ తర్వాత సబ్‌నెట్ కాదు, గమ్యం అడ్రసే ఇవ్వండి, ఏ రూటు గెలిచిందో స్విచ్చే చెబుతుంది. ఆ రూటు పక్కన వయసు చూడండి. ఓఎస్పీఎఫ్ రూటు నెలల తరబడి ఉండాల్సింది ఎప్పుడు చూసినా రెండు నిమిషాలే అంటుంటే లింకు ఊగుతోందన్నమాట. తర్వాత నెక్స్ట్ హాప్‌కి ఆర్ప్ ఉందో లేదో చూడండి. అప్పుడు అవతలి స్విచ్‌కి వెళ్లి, బయల్దేరిన కంప్యూటరు అడ్రసుతో ఇదే మళ్లీ చెయ్యండి. వెళ్లే దారి ఉండి, తిరిగొచ్చే దారి లేకపోవడమే మిగతా అన్నింటికన్నా ఎక్కువగా దొరికే తప్పు. స్విచ్ మీంచి పింగ్ చేస్తే వెళ్తోంది, కంప్యూటర్ నుంచి వెళ్లట్లేదు అంటే నూటికి తొంభై పాళ్లు అదే. స్విచ్ పింగ్ 10.20.255.2 లాంటి లింకు అడ్రసుతో బయల్దేరుతుంది, అవతలివాడికి అది తెలుసు. కంప్యూటరు 10.20.1.0/24 వాడికి తెలియదు. అందుకే స్విచ్ మీంచి పరీక్షించేటప్పుడు పింగ్ 10.20.40.9 సోర్స్ వీల్యాన్ 10 అని కొట్టండి.